పటం 4: బరువెత్తే సరైన భంగిమ

ఆ రోజుల్లో వ్యాయామ విద్య చదివేవాడంటే కండలు తిరిగి ఉంటాడని మా వాడలో అనుకునేవారు. నన్ను చూశాక ఆ అభిప్రాయం మానుకున్నారు. ప్రవేశ పరీక్షలో ఇనుప గుండు విసరమంటే విసిరాను. టేపు పట్టుకుని నిల్చున్నాయన ఒకసారి గుండు వైపు, ఒకసారి నా వైపు చూసి, "ఇది ఏసినవా, జారిందా?" అని అడిగాడు. వేశానని చెప్పడానికి నాకే సిగ్గేసింది. పరుగు పందెం మాత్రం ఎలాగో గట్టెక్కింది. దానికి కారణం మా అన్న. నాయిన పోయాక పదో తరగతి ఆపేసి మానుకోట (కాగితాల మీద మహబూబాబాద్) మార్కెట్‌లో హమాలీ పనికి వెళ్ళిన అన్న, మూడు నెలలపాటు రోజూ తెల్లవారగానే నన్ను లేపి రైలు పట్టాల పక్క రోడ్డు మీద పరుగెత్తించాడు. అన్న ముందు, నేను వెనక. ఆయనకు ముందు రోజు మోసిన బస్తాల అలుపు ఉండేది, నాకు ముందు రోజు చదివిన నవల అలుపు ఉండేది. అయినా ఒక్కసారి కూడా నేను ఆయన్ని దాటలేదు. మా ఇద్దరిలో ఆ చదువుకు తగినవాడు ఎవరో రోడ్డు పక్క టీకొట్టు వాళ్ళకు కూడా తెలుసు. కానీ డిగ్రీ నాకుంది. పీఈటీ పోస్టులు పడతాయని ఆ ఏడాది అందరూ అంటున్నారు. అందుకని సీటు నాకొచ్చింది.

కాలేజీ జనగామ పక్కన. అక్కడ ఆరోగ్య విద్య, క్రీడా గాయాలు చెప్పే మాస్టారిని మేం విజిల్ సార్ అనేవాళ్ళం. తరగతి గదిలో కూడా ఆయన మెడలో విజిల్ ఉండేది. నోట్సు చెబుతూ పేరా అయిపోగానే విజిల్ ఊదేవాడు, మేం కలాలు ఎత్తేవాళ్ళం. (బెణికిన చీలమండకు పట్టీ ఎలా కట్టాలో నేను బల్ల కాలు మీద నేర్చుకున్నాను. తరగతిలో చీలమండలకు కరువు లేదు, పట్టీకే కరువు. బల్ల కాలికి కట్టింది విప్పి మళ్ళీ చుట్టిపెట్టడం తేలికని సార్ ఉద్దేశం.) రెండో ఏడు చివర ఆరోగ్య విద్య కింద ఒక ప్రాజెక్టు చేయాలి. శరీర కష్టం చేసే మనిషినొకరిని ఎంచుకుని, నాలుగు వారాలు బరువెత్తే సరైన పద్ధతి నేర్పించి, మొదట్లో నొప్పి పదికి ఎంత, చివర్లో ఎంత అని రాయాలి. ఫోటోలు అంటించాలి. ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది.

కాలేజీలో ఇందుకు ఒక తేలిక మార్గం ఉండేది. సీనియర్ల రికార్డుల్లో ఒక రిక్షా కార్మికుడు ఉండేవాడు, వయసు నలభై రెండు. ఏటా అందరూ ఆయన్నే ఎత్తి రాసుకునేవారు. ఎన్ని బ్యాచ్‌లు మారినా ఆయన వయసు నలభై రెండే, ఏటా ఆయన నడుము నొప్పి ఎనిమిది నుంచి రెండుకు తగ్గేది. నేను మాత్రం కాపీ కొట్టనన్నాను. పుస్తకాలు చదివినవాణ్ణి కదా, నాకో నిజాయితీ ఉందని నమ్మకం. ఆ రికార్డు కాపీ కొట్టినవాళ్ళ మనుషులెవరికీ ఈ రోజుకూ ఏమీ కాలేదు, వాళ్ళెవరూ పుట్టలేదు కాబట్టి. నేను నిజమైన మనిషిని ఎంచుకున్నాను.

నాలుగు వారాలు నేర్పాల్సింది నేను చివరి వారంలో మొదలుపెట్టాను. (నిజాయితీ కాపీ వరకే.) స్నేహితుడి ఫోను అడిగి తీసుకుని శనివారం రైల్లో ఇంటికి వచ్చి అన్నకు సంగతి చెప్పాను. ఆయన అన్నం తింటూ విన్నాడు. "మోసేది నేను, నేర్పేది నువ్వు. మంచిగున్నది" అన్నాడు. పళ్ళెంలో చారు పోస్తున్న వదిన, "నీకేం పని లేదా మరిదీ, పన్నెండేండ్ల సంది మోస్తున్న మనిషికి మోసుడు నేర్పుతవా?" అంది. "ఏడాది పోతదట, ఊకో" అన్నాడు అన్న. ఆ మాటతో ఆయన వైపు నుంచి చర్చ అయిపోయింది.

మర్నాడు మార్కెట్‌కు సెలవే గాని, ముందు రోజు మిగిలిన మిర్చి బస్తాలను షెడ్డులోకి చేర్చే పని ఉంది. అన్న ముఠాలో నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయనను అందరూ కాకా అనేవారు. నేను పుస్తకం తెరిచి బొమ్మ చూపించాను. బొమ్మలో తెల్ల బూట్లు వేసుకున్న ఒక మనిషి అట్టపెట్టె ఎత్తుతున్నాడు. (ఆ పెట్టెలో ఏముందో రాయలేదు. ఏమీ లేదని ఇప్పుడు నా అనుమానం.)

"అన్నా, నడుం వంచొద్దు. మోకాళ్ళు వంచాలె. బస్తాను పొట్టకానిచ్చుకొని కాళ్ళ బలంతోటి లెవ్వాలె."

కాకా బీడీ ఆర్పి దగ్గరికొచ్చి బొమ్మ చూశాడు. "బస్తాను ఒక్కడెందుకు ఎత్తుతడు బిడ్డా? ఇద్దరం కొక్కేలేసి లేపుతం, ఒకని ఈపు మీద పెడ్తం. ఆడు మోస్తడు. గీ పుస్తకం రాసినాయిన ఎన్నడన్న బస్తా చూసిండా?"

"కాకా, ఇది శాస్త్రం ప్రకారం ఉన్నది."

"అట్లయితే మంచిదే. మేం అడ్డమొస్తమా?" అని కాకా మళ్ళీ బీడీ వెలిగించుకుని బస్తాల మీద కూర్చున్నాడు. మిగతావాళ్ళు కూడా కూర్చున్నారు. సినిమా మొదలయ్యే ముందు హాల్లో జనం కూర్చున్నట్టు కూర్చున్నారు.

అన్న మోకాళ్ళు వంచాడు. బస్తా కింద చేతులు పెట్టి, పొట్టకు ఆనించుకుని లేచాడు. నేను ఫోను పైకెత్తాను. మిర్చి షెడ్డులో ఎప్పుడైనా నిలబడినవాళ్ళకు తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. గట్టిగా తుమ్మాను, ఒకటి కాదు, నాలుగు. ఫోను ఊగిపోయింది. బస్తా పట్టుకున్న అన్న నా తుమ్ములకు నవ్వుతూ, "సారుకు శాస్త్రం పడ్తలేదు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఫోటో మసకగా వచ్చింది. "అన్నా, ఇంకోసారి" అన్నాను. ఆయన దించి, మళ్ళీ ఎత్తాడు. ఈసారి నా వేలు అడ్డం వచ్చింది. "అన్నా, ఇంకొక్కసారి."

మూడోసారి ఫోటో చాలా బాగా వచ్చింది. మోకాళ్ళు ఎంత వంగాలో అంత వంగాయి, వీపు నిటారుగా ఉంది, బస్తా పొట్టకు ఆని ఉంది. అన్న బస్తాను మెల్లగా కిందికి దించాడు. విసిరేస్తే పగులుతుంది, మిర్చి రైతుది. దించి, లేవకుండా అలాగే కూర్చుని, "వచ్చిందా?" అని అడిగాడు.

"మంచిగొచ్చిందన్నా."

"అయితె జర నన్ను పట్టుకో."

నేను పట్టుకున్నాను గాని లేపలేకపోయాను. అప్పుడు కాకా, ఇంకొకతను వచ్చి చెరో పక్కన చేయి వేసి లేపి, మూడో అతని వీపు మీద పెట్టారు. అతను మోశాడు. అదే వాళ్ళ పద్ధతి. ఆటోలో ఇంటికి తెచ్చి దింపుతుంటే వదిన చేతిలో చాట కింద పెట్టి, "పొద్దుగాల నడుసుకుంట పోయిన మనిషిని మోసుకొచ్చిన్రేంది?" అంది. "నీ మరిది సక్కగ ఎత్తుడు నేర్పిండు" అన్నాడు కాకా. ఆమె నా వైపు చూడలేదు. చూసి తిట్టి ఉంటే నాకు బాగుండేది.

సాయంత్రం అన్న నడుము మీద వేడి ఉప్పు మూటతో బోర్లా పడుకుని ఉంటే పక్కన కూర్చుని రికార్డు తీశాను. మర్నాడు ఇవ్వాలి. నొప్పి దగ్గర ఆగిపోయాను.

"ముందు ఎంతుండెనే?"

"ఏమున్నది, బస్తాలు మోసినంక కొంచెం గుంజేది. రెండు రాయి."

"ఇప్పుడు?"

"తొమ్మిది." తల తిప్పకుండానే అన్నాడు. "తిరగేసి రాయరాదు? గవే అంకెలు. ముందు తొమ్మిది, ఇప్పుడు రెండు. అబద్ధం గూడ గాదు."

నేను రాశాను. నా చేతిరాత మంచిది. పటం 4 కింద "బరువెత్తే సరైన భంగిమ" అని రాసి, ఆ ముఖం చూస్తే అడుగుతారేమోనని ఇంకో వాక్యం చేర్చాను: "వ్యక్తి ముఖంలోని పట్టుదల గమనించదగినది."

మౌఖిక పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రిక్షా కార్మికుణ్ణి చూసి చూసి విసిగి ఉన్నారేమో, నా రికార్డు దగ్గర ఆగారు. "ఈయన నిజంగ ఉన్నడా?" అన్నారు. మా అన్నేనని చెప్పాను. అయితే ఫోను కలపమన్నారు, అందరికీ వినిపించేట్టు పెట్టమన్నారు. విజిల్ సార్ విజిల్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"తమ్ముని ప్రాజెక్టుల ఉన్నది నువ్వేనా?"

"నేనే సార్."

"నడుం ఎట్లుంది?"

"మస్తుగున్నది సార్. ఎన్కటి లెక్క లేదు."

"ఇప్పుడేం చేస్తున్నవ్?"

"పండుకున్న సార్." వెంటనే సర్దుకున్నాడు. "ఆదివారం గదా సార్."

"ఇయ్యాల బుధవారం."

"మార్కెట్ బందున్నది సార్."

వెనక నుంచి వదిన గొంతు స్పష్టంగా వినబడింది: "కదలకు, ఉప్పు మూట జారుతది." పెద్దాయన నా వైపు చూసి, ఫోను వైపు చూసి, "ఉప్పు మూట ఏందయ్యా?" అన్నారు. "మా ఇంటామె సార్. వంట చేస్తున్నది" అన్నాడు అన్న. ఆయన ఫోను పెట్టేయమని సైగ చేశారు. నమ్మారో, జాలిపడ్డారో తెలియదు. ఆ పేపరులో తరగతిలోకెల్లా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. రికార్డు నాకు తిరిగిచ్చే ముందు జిరాక్సు తీయించుకున్న పటం 4ను విజిల్ సార్ తర్వాతి బ్యాచ్‌లకు చూపించేవాడట. ఆ ఏటి నుంచి రిక్షా కార్మికుడికి బదులు అందరూ మా అన్నను కాపీ కొట్టడం మొదలుపెట్టారని విన్నాను.

అన్న నెలన్నర తర్వాత మళ్ళీ మార్కెట్‌కు వెళ్ళాడు. నాకు భూపాలపల్లి దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. నడుముకు అన్న మందుల దుకాణంలో గోలీలు కొనుక్కుని మింగేవాడు, పొద్దున ఒకటి, పనిలోకి దిగే ముందు ఒకటి. నొప్పి గోలీలు ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీలు ఏమవుతాయో మా పుస్తకంలో ఒక పాఠమే ఉంది. ఆ ప్రశ్న పరీక్షలో వస్తే మూడు పేజీలు రాశాను. అన్నకు చెప్పలేదనను. సెలవులకు వచ్చినప్పుడల్లా చెప్పాను, సెలవు అయిపోగానే బస్సెక్కాను. తర్వాత వారానికి రెండుసార్లు దవాఖానలో రక్తం శుభ్రం చేయించుకునే రోజులు వచ్చాయి. అక్కడ మంచం పక్కన కూర్చుని ఒకసారి ఫోటో సంగతి ఎత్తాను. "నీ ఫోటో కంటె ముందటి సందే మింగుతున్న రా గోలీలు" అన్నాడు. బయటికొచ్చాక వరండాలో వదిన, "ముందు మింగలే. నాకెరుక" అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో నేను తేల్చుకోలేదు.

నిరుడు అన్న పోయాడు. పాడె ఎత్తేటప్పుడు నా వెనక కాకా ఉన్నాడు. ఆయనకూ ఇప్పుడు మోసే వయసు కాదు, అయినా వచ్చి నిలబడ్డాడు. నేను వంగబోతుంటే నా భుజం మీద చేయి వేసి, "నడుం వంచకు బిడ్డా. మోకాళ్ళు వంచు" అన్నాడు. ఎగతాళి లేదు అందులో. మోకాళ్ళు వంచి లేచాను. నా నడుముకు ఏమీ కాలేదు, నలుగురం ఎత్తాం కదా.

పదో రోజు ఫ్లెక్సీకి ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికితే అన్నవి రంగు పోయిన పెళ్ళి ఫోటోలు, ఆధార్ కార్డు తప్ప ఏమీ లేవు. చివరికి నా రికార్డు తీసి పటం 4 ఇచ్చాను. ఫ్లెక్సీ దుకాణం అతను బస్తా తీసేసి ముఖం వరకు కత్తిరించి, కంప్యూటర్లో పెద్దది చేసి చూసి, "జర నవ్వే ఫోటో లేదా సార్?" అని అడిగాడు. లేదన్నాను. వచ్చినవాళ్ళంతా ఫ్లెక్సీ ముందు నిలబడి, ముఖంలో పట్టుదల చూడు అన్నారు. నేను రాసిన వాక్యం నాకే వినబడింది.

మొన్న మా బడిలో ఖోఖో జట్టుకు ఫోటో తీస్తుంటే ఒక అమ్మాయి కదిలింది. "సార్, మసకగొచ్చింది, ఇంకోసారి తియ్యండి" అన్నారు పిల్లలు. ఇది చాలన్నాను. సార్‌కు ఫోటో తీయడం రాదని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. ఆ మాట నిజం కాదు. ఆ ఆదివారం షెడ్డు బయట నిలబడి, అన్నను ఆటో ఎక్కిస్తుండగానే, ఫోనులో జాగా లేదని మసక ఫోటోలు రెండూ తీసేశాను నేను. మొదటిదాంట్లో ఆయన బస్తా పట్టుకుని నవ్వుతున్నాడు. ముఖం సరిగా కనబడదు గాని నవ్వు కనబడుతుంది. ప్రాజెక్టుకు పనికిరాదని తుడిచేసి, మంచిది ఉందో లేదో మరోసారి చూసుకుని, ఫోను జేబులో పెట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఎంత శ్రద్ధగా చదువుకున్నాడు పాపం.