ఒకే ఫ్లాస్కు, రెండు గిన్నెలు

బందరు రొయ్యల షెడ్డులో పదకొండేళ్లు ఐసు కొట్టిన స్టీఫెన్, నలభై రెండో ఏట గుడివాడలో ఒక పశువుల పరిశోధన ల్యాబులో అటెండరుగా చేరాడు. తెల్లారగానే బందరు కబేళాకు వెళ్లి, కోసిన గేదెల అండాశయాలు అడిగి తీసుకుని, గోరువెచ్చని ఉప్పునీళ్ల ఫ్లాస్కులో వేసుకుని బస్సెక్కాలి. అదీ పని. ల్యాబులో అక్షిత అనే పరిశోధక విద్యార్థిని వాటిలోంచి ఫాలికల్స్, అంటే గుడ్డును దాచుకున్న ఆవగింజకన్నా చిన్న బుడగలు, ఏరి గాజుగిన్నెల్లో పెంచుతుంది. ఒంటి బయట అవి త్వరగా పాడైపోతాయని కొన్ని గిన్నెల్లో విటమిన్ సి కలుపుతుంది.

చేరిన మొదటి రోజే స్టీఫెన్ అండాశయాల మీద ఐసు దట్టించి తెచ్చాడు. రొయ్యలకు అలవాటు పడ్డ చెయ్యి మరి! ఒక్కటీ పనికిరాలేదు. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు.

ఏడాది తిరిగాక ఒకసారి విటమిన్ గిన్నెలోవన్నీ ఆరో రోజుకు చచ్చాయి. చచ్చినవే నీలం రంగు పీలుస్తాయి. ఆ రంగు వేసి చూస్తే గిన్నెంతా నీలమే. అక్షిత రిజిస్టర్లో రాసేసింది: "తెచ్చిన వ్యక్తి నిర్లక్ష్యం. ఐసు తగిలింది." ఆ నెలలోనే స్టీఫెన్ కాంట్రాక్టు మళ్లీ రాయాలి. ఆ ఒక్క ముక్క చాలు, ఇంటికి పంపడానికి.

"ఏమయ్యా స్టీఫెన్, మళ్లీ రొయ్యలనుకున్నావా?" అన్నారు ల్యాబు పెద్ద జగన్మోహనరావు గారు.

"నాకు కళ్లున్నాయండీ. విటమిన్ కలపని గిన్నె చూశారా?"

"అవి బాగానే ఉన్నాయిలే."

"అవేమన్నా ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? రెండూ నా ఫ్లాస్కులోవే. ఐసే చంపితే రెండూ చావాలి కదండీ."

అక్షిత మొహం కందిపోయింది. "విటమిన్ మేలే చేస్తుంది స్టీఫెన్ గారూ. పరిశోధన పేపర్లలో ఉంది."

"ఎంతేస్తే మేలో కూడా ఉందామ్మా? ఈసారి నాలుగింతలు పోశావు. గిన్నె మీద నీ చీటీయే చెప్తోంది. మంచిదని మందు గుమ్మరిస్తే చెరువంతా రొయ్యలు తేలడం చూసినవాణ్ణి."

"రొయ్యలూ ఇవీ ఒకటేనా?"

"కాదు. అందుకే మళ్లీ చేసి చూడమంటున్నా. అప్పటిదాకా నేను గేటు దాటను, ఎవరు దాటిస్తారో చూస్తా."

జగన్మోహనరావు గారు ఒప్పుకున్నారు. ఈసారి స్టీఫెన్ ఫ్లాస్కు మూత ఆయన చేతే తీయించాడు. థర్మామీటరు ముంచి అంకె ఆయన చేతే చదివించాడు. మూడు గిన్నెలు పెట్టారు: విటమిన్ లేనిది, పాత మోతాదుది, నాలుగింతలది. ఆరో రోజు నాలుగింతల గిన్నె మళ్లీ నీలం. పాత మోతాదుదే అన్నిటికన్నా బాగుంది.

"సరేనయ్యా, నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఇక వదిలెయ్," అన్నారు పెద్దాయన.

 స్టీఫెన్ రిజిస్టరు తెచ్చి అక్షిత ముందు పరిచాడు.

"వదిలేది లేదండీ. రాసిన చేత్తోనే కొట్టెయ్యాలి."

ఆమె పెన్ను మూత తీసింది. ఆ వాక్యం కొట్టేసి, కింద రాసింది: "విటమిన్ మోతాదు ఎక్కువైంది. తప్పు నాది."

అతను రెండుసార్లు చదువుకున్నాడు.

"తేదీ కూడా వెయ్యమ్మా," అన్నాడు.