అల్ వక్రాలో పూసల టీచర్

మా పూసల టీచర్ పోయారని మొన్న వాళ్ళబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి చెప్పాడు. "చివరిదాకా సూది వదల్లేదాంటీ" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. ఆవిడ వదిలే మనిషా!

చమురు ధరలు మండిపోతున్న ఆ రోజుల్లో, అరబ్బుదేశంలో అల్ వక్రా అనే ఊళ్ళో మావి పక్కపక్క ఇళ్ళు. మా ఇద్దరి మగవాళ్ళకీ రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో డ్యూటీ. ఆవిడది లకోటా తెగ. అమెరికా గడ్డ మీద అందరికన్నా ముందునుంచీ ఉన్నవాళ్ళు. జింకతోలు మీద ఆవగింజంత పూసలు వరసలుగా కుట్టడం వాళ్ళ అమ్మమ్మలనాటి విద్య. నేను నేర్చుకుంటానంటే మావారు, "పూసలు కుట్టడానిక్కూడా ట్యూషనా?" అని వేళాకోళం చేశారు. టీచర్ ఆయన చేత ఒక్క వరస కుట్టించారు. మళ్ళీ నోరెత్తితే ఒట్టు!

వరసకి ఏడు పూసలు. ఒక్కటి వంకరపోయినా మొత్తం విప్పించేవారు. "తప్పు పూసది కాదమ్మాయ్, నీ తొందరది" అనేవారు. రాస్ లఫాన్ గొట్టాల మీద ఎగిసే మంటని కూడా ఓ సంచీ మీద పూసలతో కుట్టారు. దాన్ని ఓ ప్రదర్శనలో పెడితే ఒకావిడ, "మీవాళ్ళ అసలైన పాతపని లేదా?" అనడిగింది.

"పాతపని చేసినవాళ్ళు అప్పుడు బతికున్నవాళ్ళేనండీ. నేనిప్పుడు బతికున్నా" అన్నారు టీచర్ నవ్వుతూ.

ఆవిడకి తొలి మనవడు పుట్టాడు. వాడికోసం బుల్లి తోలుజోళ్ళు కుట్టారు, నిండా తెల్లపూసలు. మర్నాడే ఆ జోళ్ళు పట్టుకుని ఆవిడ భర్త అమెరికా ప్రయాణం. కళ్ళు లాగుతున్నాయని చివరి వరస నా చేతికిచ్చి లోపలికెళ్ళారు. అంత ముద్దొచ్చే జోళ్ళకి దిష్టి తగలదూ? చెయ్యి ఆగలేదు. మడమ దగ్గర ఒక నల్లపూస కుట్టేశాను. కుట్టాక గానీ తెలివి రాలేదు. ఇక జన్మలో నన్ను సూది ముట్టుకోనివ్వరేమో!

టీచర్ వచ్చి కళ్ళజోడు సవరించుకున్నారు. "ఇదేంటి?"

"మావైపు పసిబిడ్డకి బుగ్గన నల్లచుక్క పెడతాం టీచర్, ఎవరి కళ్ళూ పడకుండా. తప్పైతే విప్పేస్తాను."

ఆవిడ కత్తెర అందుకున్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ తీసింది మాత్రం రెండో కాలి జోడు, తను కుట్టి ముగించినది.

"నల్లపూస ఇంకోటి ఇలా ఇవ్వు. ఈ కాలేం పాపం చేసింది?" అంటూ దాని మడమ వరస పుటుక్కున తెంపారు. తెల్లపూసలు బల్ల మీద నలుమూలలా దొర్లిపోతుంటే, ఇద్దరం చేతులడ్డుపెట్టి ఏరుతూ, పడీపడీ నవ్వుతూ ఉండిపోయాం.