ఫ్రెంచి సినిమాకు పురాణార్థం

ఈ మధ్యాహ్నం మా తిరువూరు గ్రంథాలయంలో కిటికీలకు దుప్పట్లు కట్టి, ఇంగ్లీషు మాస్టారు ఒక ఫ్రెంచి హాస్యచిత్రం ప్రదర్శించారు. టెలివిజను నడిపేవారిని పరిహసించే కథ అది. మాలో ఆ పెట్టెను చూసినవారే లేరు. జనం నిలవకపోతే తాను పెట్టిన ఫిల్ము సొసైటీ తొలి ఆటతోనే ఆగిపోతుందని ఆయన దిగులు. కాసేపటికే కొందరు అర్థంకాక లేచి వెళ్లిపోయారు. అప్పుడు నేను చెప్పే పురాణానికి నిత్యశ్రోత, వినగడప రైతు వెంకయ్య అన్నాడు:

"పంతులుగారూ, మాస్టారు చదువుతారు, తమరు అర్థం చెప్పండి. పురాణానికి చేసేదదేగా."

మాస్టారు తెరపై ఇంగ్లీషు అక్షరాలు చదివి తెలుగులో అందించగా, నేను వ్యాఖ్యానించాను: "నాయనలారా, ఈ టెలివిజను మహానుభావుడికి కెమెరా తిరిగితేనే కన్నీరొస్తుంది."

హాలంతా నవ్వింది, వెళ్లినవారూ తిరిగివచ్చారు. వచ్చే నెల ఆట ఖాయమైంది.

"ఆ పెట్టె మనూరొచ్చినా పర్లేదండి, ముందే నవ్వేశాంగా" అన్నాడు వెంకయ్య.

చూడనిదానికి అర్థం చెప్పవచ్చునా? మీరే తేల్చండి. స్వర్గాన్ని మాత్రం ఇన్నేళ్లూ చూడకుండానే వర్ణించాను.