కాకులు మరచిపోని ముఖం

ఈ ఉదయం నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూద్దామని డాబా ఎక్కితే, పిట్టగోడ మీద ఒక కాకి వాలి, మెడ పక్కకు వంచి నన్నే తేరిపార చూసింది. నేను తువ్వాలు తలకు చుట్టుకుని గబగబా దిగి వచ్చేశాను. ఈ వయసులో ఈ భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు గానీ, ఒకప్పుడు మా ఊళ్లో కాకులే నన్ను చూసి వణికేవి. మంచె మీద నిలబడి వడిసెల తిప్పానంటే, రెండు చేల అవతల ఎగిరే కాకి ఒక్క రాయికి నేల రాలవలసిందే.

రాలింది ఒక్కటేననుకోండి. మిరప చేను పక్కన ఎకరం జొన్న వేసిన ఏడాది, కంకులు పాలు పోసుకునే వేళ కాకులు విరుచుకుపడ్డాయి. చచ్చిన కాకినొకదాన్ని గడకు తలకిందులుగా కట్టి చేలో నిలబెడితే మిగతావి దరిచేరవని అప్పట్లో అందరూ చేసే పనే, మన ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు. నేనూ కట్టాను, వడిసెలతో నేనే కొట్టానని ఊరంతా చాటుకున్నాను. రోజూ తాను తినేముందు పెరట్లో కాకికి ముద్ద పెట్టి, పెద్దలు ఆ రూపంలో వచ్చి తింటారని నమ్మే మా నాన్న, ఆ మాట విన్న పూట నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

మీ దగ్గర దాపరికమెందుకు, అది కరెంటు తీగ తగిలి చచ్చి గట్టు మీద పడి ఉంటే కాలు పట్టుకుని మోసుకొచ్చాను, అంతే. నాన్నకు ఆ సంగతి చెబుదామనుకుంటూనే, ఊళ్లో వచ్చిన పేరు వదులుకోబుద్ధి కాక రెండేళ్లు గడిపేశాను.

నా మాట ఊరు నమ్మింది సరే, కాకులూ నమ్మాయి. శవాన్ని నా చేతిలో చూశాయిగా! మర్నాటి నుంచి నేను గడప దాటితే చాలు, నీడలు నేల మీద నా చుట్టూ తిరిగేవి. మీసం తీసేశాను, గొడుగు వేసుకున్నాను, నడక చూసి పట్టేసేవి. అన్నిటికన్నా ఒళ్లు జలదరించిందెప్పుడంటే, ఆ తరువాతి ఏడు పుట్టిన పిల్లకాకులు, నోట్లో ఎరుపు కూడా ఆరనివి, తల్లుల పక్కన కూర్చుని నన్ను చూసి అరవడం నేర్చుకున్నప్పుడు. అలాగని అన్నీ ఒక్క తీరు కావు. కొన్ని దూరం నుంచి అరిచి ఊరుకునేవి, ఒకటి మాత్రం వెనక నుంచి వచ్చి నెత్తి మీద తన్నిపోయేది, ముక్కు కొస విరిగిన ముసలిది ఒకటి ఆ గోలతో నిమిత్తం లేకుండా మెతుకులు వెతుక్కునేది.

నాన్న నాతో మాట్లాడకుండానే పోయాడు. పదో రోజు కాలవ గట్టున పిండం పెట్టి వెనక్కి జరిగామో లేదో, తుమ్మచెట్ల నిండా కాకులు నన్ను చూసి ఒకటే అరుపు, ఒక్కటీ దిగదు. ఎండ నెత్తికెక్కింది. చంపినోడు పెడితే తింటయ్యా ఏంది, అని వెనక ఎవరో అననే అన్నారు. మా అక్క ఏడుస్తూ, “ఒరేయ్, నాన్నకి నీ మీదే కోపంరా, ఏదో ఒకటి చెప్పుకోరా” అంది. 

అప్పుడు చేతులు జోడించి, దాన్ని నేను చంపలేదు నాన్నా, అబద్ధమాడాను అని అందరి ముందూ గొంతెత్తి చెప్పాను. ఆ మాట పూర్తి కాకముందే ముక్కు విరిగిన ముసలిది దిగి ముద్ద అందుకుంది. దాన్ని చూసి ఇంకోటి, దాన్ని చూసి మరోటి.

ఇప్పుడా జొన్న చేలూ లేవు, మంచెలూ లేవు. మేమిప్పుడుంటున్న గుంటూరులో పిండం పెట్టినవాళ్లు మేడల మీద నిలబడి, ఒక్క కాకైనా రాదా అని ఆకాశం వెతుక్కుంటున్నారు. నన్నెరిగిన కాకులు ఎప్పుడో పోయి ఉంటాయి. మరి పిట్టగోడ మీది దానికి నా సంగతి ఎవరు చెప్పారో!

ఇంతవరకూ రాసి, ఆనాడు కొత్త కోడలిగా ఆ గట్టు మీదే ఉన్న మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపి నా వంక చూసింది.

“మీరేం చెప్పారండీ? నువ్వుంటే ఒక్క కాకీ వాలదు, అవతలకి పోరా అని మీ అక్క తరిమితే, ట్రాక్టరు వెనక్కి పోయి నక్కారు. మీరు కనపడకుండా పోయాకే ఆ కాకి దిగింది. మామయ్యగారికి ఆ ముక్క మీరు ఇప్పటిదాకా చెప్పనే లేదు.”