తుమ్మముళ్ల మీది మిడతలు

నా చిన్నప్పుడు మర్పల్లి దగ్గర మా కంది చేను గట్టున ఒక తుమ్మచెట్టు ఉండేది. కళ్ల మీదుగా నల్లపట్టీ ఉన్న చిన్న పిట్ట జంట అందులో గూడు కట్టేది. పట్టిన పురుగులన్నీ అప్పుడే తినకుండా, కొన్నింటిని ముళ్లకు గుచ్చి దాచుకునేవి.

గొర్లు కాసే మా తాతయ్య రోజూ పొద్దున్నే ఆ చెట్టు దగ్గర ఆగి, ఒక్కో ముల్లూ చూపించి నాతో పేర్లు చెప్పించేవాడు. మిడత, గొల్లభామ, ఇలకోడి, పేడపురుగు. "చేనంత తిరుగుడెందుకు బిడ్డ? పిట్ట తిరిగొచ్చింది గద. ఏమేం పురుగులున్నయో గీడ్నే ఎరుకైతది" అనేవాడు.

ఆ వానాకాలం గూట్లో మూడు పిల్లలున్నాయి. మా ఇంట్లోనూ కోడి పిల్లలు చేసింది. వాటికి చెదలు తవ్వి తెచ్చే పని నాది. ఒకరోజు పుట్ట దాకా పోవడానికి బద్ధకం వేసి, తుమ్మముళ్ల మీదున్నవన్నీ ఒళ్లో ఏరుకొచ్చి కోడిపిల్లలకు వేశాను.

తాతయ్యకు చెబితే నవ్వాడు. "నీ కోడికి కాళ్లు లేవా, గెలుకుకొని తినదా? నువ్వెందుకు దానికి కూలికి పోయినవ్?" అంటూనే మబ్బు కమ్ముతున్న ఆకాశం వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. మూడు రోజులు వదల్లేదు. వానలో పురుగు బయటికి రాదు. తల్లిపిట్ట ఖాళీ ముళ్ల మధ్య అటూ ఇటూ ఎగరడం చూశాను. తాతయ్య గొంగడి కప్పుకుని, నన్నూ అందులోకి తీసుకుని చేలోకి నడిచాడు. రాళ్లు తిరగేసి దొరికిన ఇలకోళ్లను తన చేత్తోనే ముళ్లకు గుచ్చాడు. పిట్ట వాటి జోలికి రాలేదు.

ముసురు విడిచాక చూస్తే పిల్లలు మూడూ చచ్చిపోయి ఉన్నాయి. నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. నేను ఏడుస్తుంటే తాతయ్య తిట్టలేదు. ఒక్క మాటన్నాడు. "ఎవలన్న దాసుకున్నది, సూసెటోళ్లకు ఊకెనే పడున్నట్టు కనవడ్తది బిడ్డ."

మా తాతయ్యకు అక్షరం రాదు. నాకూ రాదు, అరవై దాటాక మనవరాలు నేర్పింది. నా పేరు తర్వాత నేను రాసినవి ఆ ముళ్ల మీది పేర్లే. ఇప్పుడు వానాకాలం వస్తే గట్టు మీది తుమ్మల దగ్గర ఆగి, పిట్ట ఏమేం గుచ్చిందో నోటుబుక్కులో రాసుకుంటాను. మొదట్లో పేజీ నిండేది. చేలకు మందు కొట్టడం పెరిగే కొద్దీ పేర్లు తగ్గిపోయాయి. పేడపురుగు రాసి ఎన్నేళ్లయిందో.

మొన్న ముసురుకు ముందు వెళ్లి చూశాను. గూట్లో పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ముళ్లన్నీ ఖాళీ. ఈసారి తీసింది నేను కాదు. అయినా తల్లిపిట్ట నా వైపు చూడగానే చేతులు కొంగులో దాచుకున్నాను.