దున్నబండ కింద మా పరుపు

క్రిస్మస్‌కి చుట్టాలొస్తారని అటక మీది పరుపు దింపబోతే అక్కడ పరుపు లేదు. మంచి బూరుగు దూది పరుపు. పాడేరు ఆస్పత్రిలో నర్సుగా చేరిన కొత్తలో ముచ్చటపడి కుట్టించుకున్నాను. టీవీని, గ్యాసు బండని వదిలేసి పాత పరుపు ఎత్తుకుపోయే దొంగ మా హుకుంపేట మండలంలో ఉంటాడని నాకు తోచలేదు. మా ఆయన సైలస్‌ని అడిగాను. ఆయన బైబిలు తీసి చదవడం మొదలుపెట్టారు. సాయంత్రం ప్రార్థన కాని వేళలో ఆయన బైబిలు తీశారంటే ఏదో దాస్తున్నారని అర్థం.

నాకో జబ్బుంది. ఏదైనా సంగతి తెలియకపోతే అన్నం సహించదు. మర్నాడు పొద్దున్నే ఆయన వాకింగ్‌కని బయల్దేరితే కాస్త ఎడంగా నేనూ బయల్దేరాను. మంచు ఇంకా విడలేదు. చోళ్ళు, అంటే రాగులు, కోసేసిన చేను దాటి, కాఫీ తోట పక్కగా వెళ్ళి ఆయన దున్నబండ దగ్గర ఆగారు. పడుకున్న దున్నలా ఉంటుందని దానికా పేరు. దాని కింద నా పరుపు పరిచి ఉంది. పరుపు మీద మా ఊరి భీముడు వెల్లకిలా పడి ఆకాశం చూసి నవ్వుతున్నాడు.

“ఏటండీ ఇది?” అన్నాను.

మా ఆయన ఉలిక్కిపడ్డారు. చేతులనిండా సుద్దపొడి. బడిలో మిగిలిన సుద్దముక్కలు నూరి సంచిలో పోసుకున్నారట, పట్టు జారకుండా.

“బౌల్డరింగ్ అంటారు. తాడు లేకుండా చిన్న బండలెక్కడం. పడితే కింద పరుపుండాలి,” అన్నారు.

“నా పరుపే ఉండాలా?”

“ఈ చుట్టుపక్కల ఇంత మందం పరుపు ఇంకెవరికుందిలే!”

భీముడు లేచి కూర్చుంటూ, “మా మెత్తగుంది సిస్టరమ్మా. ఓపాలి పడితే ఇంకోపాలి పడాలనిపిస్తంది,” అన్నాడు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళే. ఇద్దరి ముఖాల్లోనూ మామిడికాయలు దొంగిలిస్తూ దొరికిపోయిన కళ ఉంది.

మా ఆయన సంగతి నాకు కొత్త కాదు. ఆశ్రమ పాఠశాలలో డ్రిల్లు మేస్టారుగా పనిచేశారు. కుర్రతనంలో ఎక్కడో పర్వతారోహణ క్యాంపుకి వెళ్ళొచ్చి, ఆ కబుర్లు పెళ్ళిచూపుల్లోనే నాకు చెప్పారు. రిటైరైనా ఆ పిచ్చి వదల్లేదు. నాకు అంతుపట్టనిది భీముడి సంగతి.

భీముడిది కాఫీ తోట. తోటలో నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకించాడు. తీగ చిటారుకొమ్మ దాకా పోతుంది. కోయాలంటే మనిషీ పోవాలి. మా చుట్టుపక్కల ఆ పనిలో భీముణ్ణి మించినవాడు లేడు. అలాంటివాడు కిందటేడు మిరియాల కోతలో కొమ్మ విరిగి పడ్డాడు. కుడి భుజం విరిగింది. కట్టు కట్టించుకున్నాడు, ఎముక బాగానే అతికింది. భుజం మాత్రం బిగిసిపోయింది. చెయ్యి ఛాతీదాకా లేస్తుంది, తలమీదికి మాత్రం లేవదు. ఆ తర్వాత అతన్ని భార్య దేముడమ్మ చెట్టు నీడకు కూడా పోనివ్వలేదు. అరుగుమీద కూర్చుని కోళ్ళను అదిలిస్తూ ఉండేవాడు. దసరా వెళ్ళాక మా ఆయన వాకింగ్‌కని దేముడమ్మతో చెప్పి అతన్ని బండ దగ్గరికి లాక్కొచ్చారు.

“భుజం బిగిసినవాడు బండలెక్కడమేమిటి, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు!” అని నేను కోప్పడుతుంటే బండ నెత్తిమీదినుంచి మేక ఒకటి అరిచింది. తలెత్తి చూశాను. అప్పుడు తెలిసింది, బండకి వెనకవైపు వాలుంది. మేకలు తాపీగా నడిచి పైకి పోతాయి. ఈ ముసలాళ్ళు మాత్రం ముందువైపు నిలువునా, బల్లుల్లా పాకుతున్నారు.

“వెనక దారుంది కదా భీముడూ?”

“ఉంది సిస్టరమ్మా.”

“మరి?”

“అది మేకల్ది,” అన్నాడు. ఆ జవాబు నాకు చాల్లేదు. నేను రోజూ రావడం మొదలుపెట్టాను.

వచ్చినదాన్ని చేతులు కట్టుకుని కూర్చోలేను కదా. భీముడి భుజానికి కసరత్తు నేర్పాను. రోజూ గోడకెదురుగా నిలబడి వేళ్ళతో గోడమీద పైకి పాకించాలి, ఎక్కడిదాకా పోతే అక్కడ బొగ్గుతో గీత గీయాలి. నూతి గిలక ఒకటి దూలానికి కట్టించి, తాడేసి, ఎడం చేత్తో లాగుతూ కుడిచేతిని లేపమన్నాను. మా ఆయన కసరత్తు వేరు. తడిబట్టలు పిండితే వేళ్ళకు బలమని ఎక్కడో చదివారట. ఇంట్లో బట్టలు పిండే పని మొత్తం ఆయనే పుచ్చుకున్నారు. బౌల్డరింగ్ మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది అప్పుడే.

ఎక్కడం అలిసిపోయాక పరుపుమీద కూలబడి చోడి అంబలి తాగుతూ కబుర్లాడేవాళ్ళు. ఒకరు ఎక్కుతుంటే రెండోవాళ్ళు కింద చేతులు చాచి నిలబడాలి, పడేవాడి తల నేలకు తగలకుండా. ఆ నిలబడ్డంలో ఎవరు తప్పుచేశారని సగం కబుర్లు. తిండి మీద మిగతా సగం.

“కండకు ప్రొటీన్ కావాలి భీముడూ. నేనిచ్చిన పౌడరు తాగుతున్నావా?” అన్నారు మా ఆయన ఒకరోజు.

“ఆ గుండా? దూడకేసినాను మేస్టారూ. ఇప్పుడు గంతులేత్తంది సూడండి, కట్టుకొయ్య పీకీసింది!”

“విశాఖపట్నం నుంచి తెప్పించానయ్యా!”

“మరేటి సెయ్యమంటారు? నాకు ఉలవల చారుంది, ఎండుసేప ఉంది. దూడకేటుంది?”

నాకు నవ్వాగలేదు. “ఆయన మాత్రం మానేశారేమో అడుగు. షుగరు మాత్ర వేసుకుని, వెనకాలే ఆ చాక్లెట్ గుండ,” అన్నాను. మా ఆయన అంబలి ముంతలో ముఖం దాచుకున్నారు.

ఆ తర్వాత నొప్పుల సంగతి వచ్చేది. ఎవరికి మోకాలు, ఎవరికి నడుము, పొద్దున్న లేవగానే ఏది ముందు పలకరిస్తుంది అని, ఏడాది పంట గురించి మాట్లాడుకున్నట్టు చెప్పుకునేవాళ్ళు. “పడ్డానికి భయం లేదా?” అని అడిగాను భీముణ్ణి.

“ఇక్కడ పడతానని తెలిసే ఎక్కుతాను సిస్టరమ్మా. సెట్టుమీంచి పడతాననుకోనేదు. అందుకే ఇరిగింది,” అన్నాడు.

మాఘమాసం వచ్చేసరికి నడుమెత్తు దాటాడు, తలెత్తు దాటాడు. మిగిలింది ఒకే ఒక్క పట్టు. బండ అంచుకు ఓ జానెడు చీలిక. దాన్ని అందుకోవాలంటే కుడిచెయ్యే తలమీదికి లేవాలి. అక్కడిదాకా వెళ్ళి, వేళ్ళు ఆడించి, నా పరుపుమీద దబ్బున పడేవాడు. “కిందపడ్డా నాదే పైసెయ్యి!” అని లేచేవాడు. కానీ ఒకరోజు లేవలేదు. పడుకునే ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

“దెబ్బ తగిలిందా?” అని భుజం తడిమాను.

“నేదు సిస్టరమ్మా. పండగొచ్చేత్తంది.”

ఇటికల పండగ. చైత్రంలో వస్తుంది మాకు. విత్తనాలకు పూజ చేసి, మగవాళ్ళు వేటకు పోతారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు ఊరి మొదట్లోనే కాసి, పేడనీళ్ళు కుమ్మరించి, నోటికొచ్చినట్టు తిడతారు. ఈ రోజుల్లో అడవిలో వేటేముంది, వేటాడనిచ్చేదెవరు? అందరూ కొండచుట్టూ తిరిగి ఉత్తచేతులతోనే వస్తారు, అందరూ తడుస్తారు. నవ్వులే నవ్వులు. చర్చికి వెళ్ళే మేమూ అరుగులెక్కి చూస్తాం.

“కిందటేడు నాను కూడా ఎల్లినాను. సెయ్యి గుడ్డలో ఏలాడతంది, అయినా ఎల్లినాను,” అన్నాడు భీముడు. “ఎనక్కొచ్చినాం. అందర్నీ తడిపినారు. నా కాడికొచ్చి ఆగిపోనారు. ‘పాపం, ఒగ్గీయండే’ అనేసింది మాయావిడ. నానొక్కడ్నే పొడిబట్టల్తో ఇంటికెల్లినాను.”

మా ఆయన అంబలి ముంత కింద పెట్టేశారు.

“ఈ బండెక్కీసినాననుకో, ఊర్లో మాట పాకుద్ది. అప్పుడింక ఒగ్గరు. మేకల దారంటా ఎక్కితే ఎవుడు సెప్పుకుంటాడు?”

నెలల తరబడి నేను మోసుకు తిరిగిన ప్రశ్నకు జవాబు అది. “నేను దేముడమ్మతో చెప్తానుండు,” అన్నాను.

“వద్దు, సెప్పీకండి!” అని చటుక్కున లేచి కూర్చున్నాడు. “అడిగి తడిపించుకుంటే అదేటి తడుపు?”

నిజమే. కానీ ఊరుకోలేక ఆ సాయంత్రమే దేముడమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె విత్తనాలు చెరుగుతోంది. అదీ ఇదీ మాట్లాడి, పండగ ఊసెత్తాను.

“ఆడగుంటలందరికీ ముందే సెప్పీసినాను సిస్టరమ్మా,” అంది. “మా ముసలోడి జోలికి ఎవులూ రావద్దని. ఇరిగిన మనిషి. సల్లనీళ్ళు పడితే ఆ ఎముక సలపదేటి?”

ఆ ప్రేమకు ఏం చెప్పను! రాత్రిళ్ళు ఆ భుజానికి వేన్నీళ్ళ కాపడం పెట్టిన మనిషి ఆమె. చెప్పడానికి వీల్లేదు, చెప్పకుండా ఉండడానికీ వీల్లేదు. ఆఖరికి ఒక్కమాట అన్నాను. “రేపు నాకు ఒంట్లో బాగోలేదు దేముడమ్మా. ఆళ్ళిద్దరికీ దున్నబండ దగ్గరికి అంబలి నువ్వు పట్టుకెళ్తావా?”

రేపటి జబ్బు నాకు ఇవాళే ఎలా తెలిసిందని ఆమె అడగలేదు. నర్సు కదా, తెలుస్తుందనుకుని ఉంటుంది.

మర్నాడు జబ్బూ లేదూ ఏమీ లేదు, కాఫీ మొక్కల చాటున నిలబడ్డాను. దేముడమ్మ అంబలి కుండతో వచ్చి, బండమీద వేలాడుతున్న మొగుణ్ణి చూసి నోరు తెరిచింది. అంతలో అతను పడ్డాడు. ఆమె పరుగెత్తబోయింది. భీముడు ఆమెను చూడనేలేదు. లేచి, సుద్ద రాసుకుని మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ పడ్డాడు. మూడోసారి కుడిచెయ్యి వణుకుతూ వణుకుతూ లేచింది. రెండు వేళ్ళు చీలికకు తగిలాయి, ఒక్క క్షణం నిలిచాయి. పడ్డాడు.

ఆమె కుండ దింపింది. “ఎన్నాళ్ళబట్టి ఇలగ పడతన్నాడు మేస్టారూ?” అని అడిగింది.

“దసరా ఎల్లినకాడ్నించి,” అన్నారు మా ఆయన. తప్పు చేసినవాడిలా చేతులింకా చాచే ఉన్నారు.

దేముడమ్మ మొగుడికేసి చూసింది, బండకేసి చూసింది. కుండ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. పండగ దాకా ఆ ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు. నాకు అన్నం సహించలేదు. భీముడూ బండ నెత్తికి చేరలేదు. ఎన్నిసార్లెక్కినా ఆ చీలిక అందీ అందకుండానే పండగొచ్చేసింది.

పండగనాడు పొద్దు వాలుతుంటే మగవాళ్ళు తుడుం డప్పులు కొట్టుకుంటూ కొండ దిగారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఆడవాళ్ళు కుండలెత్తారు. ఒక్కొక్కణ్ణీ పట్టుకుని తలనుంచి కాళ్ళదాకా కుమ్మరించారు. అరుపులు, నవ్వులు. భీముడు అందరికన్నా వెనక వస్తున్నాడు. తలొంచుకుని, పక్కనుంచి తప్పుకుపోయేవాడిలా. పోయినేటి సంగతి అతనికి గుర్తుంది.

నీలవేణి అనే కుర్రపిల్ల కుండెత్తి అతని ముందుకొచ్చింది. అంతలో ఎవరని చూసుకుని ఆగింది. కుండ దింపి దేముడమ్మకేసి చూసింది. నవ్వులు ఆగిపోయాయి. పక్కనున్న మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

దేముడమ్మ వచ్చి ఆ కుండ లాక్కుంది.

“దున్నబండకి ఏలాడ్డానికి సెయ్యొచ్చింది గానీ, ఓ కుందేల్ని పట్టుకురాడానికి రానేదేటి ముసలోడా!” అని కుండంతా అతని నెత్తిన కుమ్మరించింది.

భీముడు అడ్డం పెట్టుకోవడానికి రెండు చేతులూ ఎత్తాడు. రెండూ తలమీదికి లేచాయి. నర్సుని కదా, ముందు కుడి భుజాన్నే చూశాను. అతనికి ఆ ధ్యాసే లేదు. గెడ్డం నుంచి పేడనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాడు.

“ఇంకో కుండ నేదేటే?” అన్నాడు.

ఉంది. దేముడమ్మ అదీ ఎత్తింది.