సలోమి మాటలున్న డిస్కు

2023 ఎండాకాలం. రోహిణీ కార్తె ఎండలకు నెల్లూరులో మా షాపున్న వీధి మధ్యాహ్నం పూట నిర్మానుష్యంగా ఉండేది. పాడైన హార్డ్ డిస్కుల్లోంచి డేటా బయటికి తీయడం నా వృత్తి. ముందు గదిలో కంప్యూటర్లు, వెనక గదిలో క్లీన్ బెంచ్ ఉంటాయి. క్లీన్ బెంచ్ అంటే గాలిని వడకట్టి, దుమ్ము లేకుండా ఒకే దిక్కుకు వదిలే గాజు అర లాంటిది. డిస్కు మూత తీయాల్సి వస్తే దాని కిందే తీస్తాను. ఇన్నేళ్ళలో ఎన్నో డిస్కులు దారికొచ్చాయి, ఎన్నో రాలేదు. రానివాటిలో చాలావాటిని మరిచిపోయాను. ఈ ఒక్కటి మాత్రం మరపు రావడం లేదు.

ముత్తుకూరు నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. తండ్రి పేరు సామ్యేలు, యాభై దాటి ఉంటాయి. పుట్టుకతో వినబడదు, మాట రాదు. పెళ్ళిళ్ళ వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. అంటే కెమెరావాళ్ళు తీసుకొచ్చిన ముక్కలన్నీ కోసి, కూర్చి, పాటలు పెట్టి ఒక సినిమాలా తయారుచేయడం. పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెర మీద గీతల్ని చూసి తెలుసుకుంటాడట. కూతురు కరుణ నెల్లూరులోనే ఒక ఆసుపత్రిలో నర్సు. తండ్రి చేతులు కదుపుతుంటే ఆమె నాకు చెప్పేది. నేను చెప్పింది చేతులతో ఆయనకు చెప్పేది.

టవల్లో చుట్టి తెచ్చిన డిస్కును ఆయన బల్ల మీద రెండు చేతులతో పెట్టాడు. పద్నాలుగు టెరాబైట్ల డిస్కు. దాని పై అంచు చుట్టూ నల్ల టేపు బిగించి ఉంది. టేపు కొంచెం లేపి చూస్తే కింద ఇనుము కోసిన గరుకు అంచు.

“దీన్ని ఎవరు కోసినారమ్మా?” అన్నాను.

“మా నాయనే అన్నా. వెల్డింగ్ షాపులో గ్రైండర్ అడిగి తెచ్చుకోని కోసినాడు. నేను డ్యూటీలో ఉండా. నాకు చెప్పనే లేదు.”

అసలేం జరిగిందో ఆయన చెప్పాడు. కుర్చీ జరుపుతుంటే వైరు కాలికి తగులుకుని డిస్కు బల్ల మీద నుంచి గచ్చు మీద పడింది. మామూలుగా డిస్కు దెబ్బతింటే లోపల టక్ టక్ మని చప్పుడొస్తుంది. వినబడేవాళ్ళు అది విని వెంటనే కరెంటు ఆపేస్తారు. సామ్యేలుకు ఆ చప్పుడు లేదు. ఆయన ఎప్పుడూ అరచెయ్యి డిస్కు మీద పెట్టి, లోపల తిరుగుడు చేతికి తగిలితే బాగుందనుకునేవాడు. పడ్డాక కూడా తిరుగుతూనే ఉంది. మధ్యలో ఏదో కొట్టుకుంటున్నట్టు అనిపించింది. వైరు తీసి పెట్టాడు, మళ్ళీ తీసి పెట్టాడు. ఒకప్పుడు పాత చిన్న డిస్కు ఒకటి ఇలాగే మొరాయిస్తే, మూత విప్పి, ఇరుక్కున్న హెడ్‌ను, అంటే డేటా చదివే ముల్లు లాంటిదాన్ని, వేలితో పక్కకు జరిపాడట. అది నడిచింది. ఆ ధైర్యంతో దీన్నీ తెరవబోయాడు. పైన ఎక్కడా స్క్రూలు కనబడలేదు. అందుకని కోశాడు.

కనబడకపోవడానికి కారణముంది. మామూలు హార్డ్ డిస్కుల్లో ఉండేది మనం పీల్చే గాలే. బయటి గాలితో సమానంగా ఉండడానికి వాటికి చిన్న రంధ్రం, దానికి లోపల ఫిల్టరు ఉంటాయి. ఆ రంధ్రం మూయొద్దని లేబుల్ మీద రాసి ఉంటుంది. పెద్ద కెపాసిటీ డిస్కులు చాలావరకు వేరు. వాటిలో గాలి తీసేసి హీలియం నింపుతారు, బెలూన్లను పైకెగరేసే వాయువే. అది గాలిలో ఏడో వంతు బరువు కూడా ఉండదు. లోపల అద్దంలా మెరిసే ప్లాటర్లు, అంటే డేటా రాసే గుండ్రటి పళ్ళేలు, నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతాయి. గాలిలో తిరిగితే గాలి వాటిని తోస్తుంది, వణికిస్తుంది, వేడెక్కిస్తుంది. హీలియంలో ఆ బాధ తక్కువ. కాబట్టి పళ్ళేలను పల్చగా చేసి, దగ్గర దగ్గరగా, అదే పెట్టెలో ఎక్కువ పేర్చవచ్చు. డేటా రాసే గీతలనూ సన్నగా, ఒత్తుగా గీయవచ్చు. పద్నాలుగు టెరాబైట్లు చేతిలో పట్టే పెట్టెలో ఇమిడేది అందుకే.

అయితే హీలియం అణువు ఎంత చిన్నదంటే రబ్బరు వాషరును, జిగురును దాటి మెల్లగా బయటికి జారిపోతుంది. అందుకే స్క్రూల మూత మీద ఇంకో పల్చని మూత పెట్టి చుట్టూ లేజర్‌తో వెల్డింగ్ చేసేస్తారు. సామ్యేలు కోసింది ఆ వెల్డింగ్‌ను.

“ఆ వాయువు పోయినాక గాలి లోపలికొచ్చింది,” అన్నాను. “ప్లాటర్ మీద డేటాను చదివే హెడ్ దాన్ని తాకదమ్మా. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలతా పోతుంది. హీలియంలో తేలడానికి చేసిన హెడ్‌ని గాలిలో తిప్పితే అది కుదురుగా ఉండదు. అసలే పడి దెబ్బతినింది. పైగా గ్రైండర్ పొడి, మీ ఊరి పక్క పోర్టు బొగ్గు దుమ్ము.”

కరుణ చేతులు కదిపింది. ఆయన మధ్యలోనే ఆపి ఏదో అడిగాడు.

“ఫ్రిజ్జులో గ్యాస్ పోతే మళ్ళా నింపతారు గదా, దీనికి నింపలేరా అంటుండాడు.”

“గ్యాస్ నింపచ్చు. హెడ్ గీకి పళ్ళెం మీద పూత లేచిపోయుంటుంది, ఆ పూతలోనే డేటా. పొడైపోయినదాన్ని మళ్ళా అంటించలేం.”

ఆమె దాన్ని ఆయనకు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

పెళ్ళిళ్ళ వీడియోలైతే ఎప్పుడో ఇచ్చేసుంటారు కదా, ఇంత ఆరాటమెందుకని నాకనిపించింది. ఏమేం ముఖ్యమైనవి ఉన్నాయో అడిగాను, ఎవరొచ్చినా అడిగినట్టే. కరుణ తండ్రిని అడగకుండా తానే జవాబు చెప్పింది.

“మా అమ్మ ఉందన్నా అందులో.”

తల్లి పేరు సలోమి. ఆమెకూ వినబడదు. సామ్యేలు బధిరుల బడిలో చదివి సైగల భాష నేర్చుకున్నాడు. సలోమి బడి ముఖం చూడలేదు. ఆమె సైగలన్నీ పుట్టింట్లో ఆమే పుట్టించుకున్నవి. పెళ్ళయ్యాక ఇద్దరివీ కలిసి, ఆ ఇంట్లో తప్ప ఎక్కడా లేని భాష ఒకటి తయారైంది. కరుణ మొదట నేర్చిన భాష అదే. మాటలు తర్వాత నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. చేపలమ్మే ఆమెకు ఒక సైగ, పాస్టరుగారికి ఒకటి, పోర్టుకు క్రేను మెడలా వంచిన చెయ్యి. సామ్యేలు చేతికి కొత్త కెమెరా వచ్చినా, కొత్త లైటు వచ్చినా మొదట భార్య మీదే పరీక్షించేవాడు. ఆమె ఊరకే నిలబడేది కాదు. పక్కింటివాళ్ళను తిట్టేది, మొగుడి నడకను వెక్కిరించేది, కూర ఎట్లా వండిందో చెప్పేది. ఏళ్ళ తరబడి అలాంటి ముక్కలు పోగయ్యాయి. ఫోన్లో తీసినవి కూడా చోటు చాలక ఇందులోకే మార్చాడు. అంతకు ముందున్న చిన్న డిస్కులన్నిటినీ ఈ పెద్దదానిలోకి ఎక్కించి, వాటిని చెరిపేసి పనికి వాడుకున్నాడు. సలోమి కిందటేడు కిడ్నీల జబ్బుతో పోయింది.

“ఫోటోలున్నాయి కదమ్మా,” అన్నాను, ఏదో ఓదార్చాలని.

“ఫోటోలో అమ్మ మాట ఉండదన్నా,” అంది కరుణ. “మీ వాళ్ళదైతే గొంతు ఏ ఫోన్లోనో ఉంటాది. మా అమ్మది చేతులు కదిలితేనే మాట.”

డిస్కు తీసుకుని వెనక గదికి వెళ్ళి క్లీన్ బెంచ్ కింద పెట్టాను. లోపలి మూత తీసి లైటు వేస్తే పై ప్లాటర్ మీద రెండు బూడిద రంగు వలయాలు, రికార్డు ప్లేటు మీద గీతల్లా. మిగతావి పైకి బాగానే కనబడ్డాయి. హెడ్‌లు మాత్రం వంగిపోయాయి. ఇది నా చేతి పని కాదు. ఈ డిస్కుల హెడ్‌లు మార్చి, హీలియం నింపి, తాత్కాలికంగా మూత బిగించి చదివించే ఏర్పాటు చెన్నైలో నాకు తెలిసిన ఒక ల్యాబులో ఉంది. రావడానికి అవకాశం చాలా తక్కువని తండ్రికి మూడుసార్లు చెప్పించాను. అయినా పంపమన్నాడు. డిస్కు వైపు, ఆపైన బయట రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. కరుణ దాన్ని నాకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

చెన్నైకి నేనే తీసుకెళ్ళాను. అక్కడి ఇంజనీరు అంచును చూసి తల పట్టుకున్నాడు.

“గ్రైండరా అన్నా? పడినప్పుడే తెచ్చుంటే హెడ్‌లు మార్చి చాలావరకు తీసుండేవాణ్ణి.”

ఆ మాట నేను ముత్తుకూరుకు మోసుకుపోలేదు. ఇప్పటికీ సామ్యేలుకు చెప్పలేదు.

వాళ్ళు చాలా వారాలు కష్టపడ్డారు. పళ్ళేలను శుభ్రం చేసి, అదే మోడలు డిస్కు నుంచి హెడ్‌లు తీసి అమర్చారు. పాడైన ఉపరితలాన్ని వదిలేసి మిగతావాటిని చదివించబోతే, మిగిలిన దుమ్ము ఆ హెడ్‌లనూ తిన్నది. రెండోసారి మార్చారు, అవీ పోయాయి. పెద్ద వీడియో ఫైలు ఒక్క పళ్ళెం మీదే ఉండదు. కొంత దీని మీద, కొంత దాని మీద పరుచుకుని ఉంటుంది. కాబట్టి బయటికొచ్చిన కాస్త కూడా తునకలే. అవన్నీ ఒక చిన్న డిస్కులో వేసి పంపారు.

ఆ తునకల్ని వాళ్ళిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని మా షాపులోనే చూశాం. ఎవరివో పెళ్ళిళ్ళు. తలంబ్రాలు పోసే చేతులు, చర్చిలో ఉంగరం తొడిగే వేలు, బంతి భోజనాల్లో విస్తళ్ళు, డప్పుల ముందు ఎగిరే కుర్రాళ్ళు. ఒక్కోటి కొన్ని సెకన్లు, తర్వాత రంగు రంగుల గళ్ళు, ఆపైన నలుపు. సామ్యేలు కుర్చీ అంచున కూర్చుని ఒక్కో పెళ్ళినీ గుర్తుపట్టాడు. బుచ్చిరెడ్డిపాలెం, నాయుడుపేట అంటూ కరుణ నాకు ఊళ్ళ పేర్లు చెప్పింది. ఎవరి ఆనందాలో అలా వచ్చిపోతుంటే, ఆయన ప్రతిసారీ ముందుకు వంగి మళ్ళీ వెనక్కి వాలేవాడు.

చివరికి దగ్గరవుతుండగా ఒక తునకలో నీలం గోడ వచ్చింది. కరుణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మా ఇల్లు.”

కెమెరా సరిచేసుకుంటున్నట్టు అటూ ఇటూ ఊగింది. పక్కనుంచి గాజులున్న రెండు చేతులు ఫ్రేములోకి వచ్చాయి. ముఖం రాలేదు. కుడి చెయ్యి ఛాతీ దగ్గరికి లేచి, వేళ్ళు విచ్చుకోవడం మొదలైంది. అక్కడ గళ్ళు పడిపోయాయి.

మళ్ళీ వేశాను. మళ్ళీ అక్కడే పోయింది. ఎన్నిసార్లు వేసినా అంతే.

“ఏమంటుందమ్మా?” అని కరుణనడిగాను. ఆమె తండ్రిని అడిగింది. ఆయన తన కుడి చేతిని ఛాతీ దగ్గరికి తెచ్చి, వేళ్ళు విప్పుతూ, సలోమి ఆగినచోట ఆపాడు. అక్కడి నుంచి చెయ్యి బయటికి పోనిచ్చాడు, మళ్ళీ మొదటికొచ్చి కిందికి దించాడు, మళ్ళీ మొదటికొచ్చి పెదవుల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పడేసుకున్నాడు.

“అట్ట మొదలయ్యే మాటలు శానా ఉండాయన్నా,” అంది కరుణ. “‘రా’ కావచ్చు, ‘చాల్లే’ కావచ్చు, ‘తిన్నావా’ కావచ్చు. ఏదో తెలీదంట.”

ఇంకా ఏమైనా మిగిలాయా అని ఆయన నన్ను అడిగాడు. ఆ సైగ కరుణ చెప్పకుండానే నాకు అర్థమైంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. తన రెండు చేతుల్నీ ఎదురుగా పట్టుకుని, అవి వేరే ఎవరివో అన్నట్టు చూశాడు. తర్వాత గ్రైండరు పట్టుకున్నట్టు పట్టి, కోస్తున్నట్టు చూపించి, తన గుండెల మీద కొట్టుకున్నాడు. కరుణ ఆ చేతులు పట్టుకుని ఆపబోయింది. ఆయన విదిలించుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

కొన్ని నెలల తర్వాత కరుణ ఆసుపత్రి నుంచి ఇంటికి పోతూ షాపుకు వచ్చింది. నాయన ఎలా ఉన్నాడని అడిగాను.

“పని చేస్తుండాడన్నా. నాతో బడిలో నేర్చుకున్న సైగలే చేస్తాడు. అమ్మ సైగలు మానేసినాడు. నేను చేసినా ముఖం పక్కకు తిప్పుకుంటాడు. నేనూ మానేస్తున్నా. కొన్ని అప్పుడే మరిచిపోతుండాను. ఎట్టుండేవో అడుగుదామంటే ఆయన్ని అడగలేను.”

 

ఈ కేసు నాకు నేర్పింది ఇది. మనం డిస్కు పెద్దదైతే ఎక్కువ దాచుకోవచ్చనుకుంటాం. అది నిజమే, కానీ పోయేటప్పుడు అన్నీ ఒక్కసారే పోతాయి. చిన్న డిస్కుల కాలంలో ఒకటి చెడితే ఒక ఏడాది పోయేది. ఇప్పుడు ఒక సంసారం మొత్తం పోతోంది. అందుకే పెద్ద డిస్కు కొంటామని ఎవరైనా సలహా అడిగితే, కొనండి, కానీ పాతవాటిని చెరపొద్దు అంటాను. పడిపోయిందని ఫోను చేస్తే, ముందు వైరు పీకమని, మూత జోలికి పోవద్దని చెబుతాను. చాలామంది వింటారు. వాళ్ళ డేటా బయటికి తీసి చేతికిచ్చినప్పుడు వాళ్ళ ముఖాలు వెలుగుతాయి. ఆ వెలుగు చూసి ఇదివరకులా సంతోషించలేకపోతున్నాను. ఈ జాగ్రత్త అంతా నాకు తెలిసిందే, వాళ్ళకూ చెప్పగలిగిందే. చెప్పాల్సిన మనిషికి మాత్రం, ఆ గచ్చు మీద డిస్కు పడిన క్షణాన, చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.